రంపం బల్లకు జారుడు పలక

గొర్రు కాళ్లలో ఒకటి పొట్టిదైతే జొన్న గింజ పైపైనే పడుతుంది. మన చల్క నేలల్లో పైపదును ఎంతోసేపు నిలవదు, ఆ సాలు మొలవక పోతుంది. ఇంట్లో కరెంటు రంపం బల్ల ఉన్న రైతులు కర్రను ఉత్త చేత్తో తోయకుండా జారుడు పలక చేసుకోండి.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. బల్ల మీది రెండు గాడుల్లో వదులు లేకుండా జారేటట్టు టేకు బద్దలు చెక్కి పలక అడుగున బిగించాలి. పచ్చి కర్ర వద్దు, ఆరినంక కుదించుకుపోయి వదులవుతుంది. బద్దలకు కొవ్వొత్తి మైనం రుద్దండి. పలకకు ముందూ వెనకా నిలువు పట్టీలుండాలి, లేకుంటే కోతకు పలకే రెండు ముక్కలు!

మీ వైపు పట్టీ రంపానికి సరిగ్గా గుణియాకు రావాలి. అసలు పని ఇదే. రెండంచులూ సమాంతరంగా ఉన్న వెడల్పు చెక్కను కోసి, ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండింటినీ తిన్నని కర్రకు ఆనించి కోసిన అంచులు కలపండి. సందు కనబడితే పట్టీ వంకర అందులో సగం. ఒక చివర స్క్రూ వదులు చేసి జరిపి, మళ్లీ కోసి చూడండి.

పట్టీకి అడ్డుదిమ్మె బిగిస్తే గొర్రు కాళ్లు, పార కామలు అన్నీ ఒకే కొలత వస్తాయి. 45 డిగ్రీలకు ఇంకో కర్ర బిగిస్తే చట్రాల మూలలూ కోయవచ్చు.

పట్టీ వెనక, రంపం బయటికొచ్చే చోట లావు దిమ్మె తప్పక అతికించండి. ధ్యాస చెక్క మీదుంటే బొటనవేళ్లు అక్కడికే పోతాయి. కొలత మార్చేటప్పుడు ప్లగ్గు పీకండి, స్విచ్చి ఆపితే చాలదు.