కొలువులో క్రైస్తవ విశ్వాసము

ఆదివారమున ప్రార్థనామందిరములో మోకరించిన మనుష్యుడు సోమవారమున కచేరికి పోవునపుడు తన విశ్వాసమును వాకిటనే విడిచిపోవలెనా? లేక నలుగురికిని తెలియునట్లు వెంట గొనిపోవచ్చునా? ఉద్యోగము చేసి జీవించు క్రైస్తవులకు ఏదో యొకనాడు ఎదురగు ప్రశ్న యిది. దీనికి క్రైస్తవ సంప్రదాయము చెప్పు సమాధానమొకటి, న్యాయస్థానములు చెప్పిన సమాధానమొకటి కలవు.

ముందు సంప్రదాయము మాట చూతము. పౌలు బోధకుడు మాత్రమే కాడు. డేరాలు కుట్టు పనివాడు. కొరింథు పట్టణమున అకుల, ప్రిస్కిల్ల యను దంపతుల వృత్తియు అదియే యగుటచే వారి యింటనే యుండి, వారితో కలిసి పనిచేసెను. తరువాతి కాలమున సన్న్యాసుల జీవితమే పవిత్రమనియు, సంసారుల వృత్తులు దానికి తక్కువ యనియు భావము ప్రబలెను. 16వ శతాబ్దమున జర్మనీలో మార్టిన్ లూథరు దీనిని ఖండించెను. పొలము దున్నుట, చెప్పులు కుట్టుట, బిడ్డలను పెంచుట, ఇవన్నియు దైవము అప్పగించిన పనులే. వానివలన పొరుగువానికి మేలు కలుగుచున్నది గనుక అవియు దైవసేవయే యని బోధించెను. 1927లో ఏర్పడిన మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఆయన పేరు ధరించినదే. ఈ బోధ ననుసరించి చూచినచో, సరిగా తూచు వర్తకుడును, లంచము ముట్టని గుమాస్తాయు నోరు విప్పకయే తమ విశ్వాసమును చాటుచున్నారు.

అయితే, విశ్వాసమును కంటికి కనబడునట్లు ధరించుట మాట యేమి? ఈ వివాదము బ్రిటనులో న్యాయస్థానముల కెక్కినది. నదియా ఎవీడా యను ఆమె బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థలో ప్రయాణికులను చూచుకొను ఉద్యోగిని. 2006లో ఆమె మెడలోని చిన్న సిలువను ఉడుపుపైకి కనబడునట్లు ధరింపగా, అది నియమ విరుద్ధమని సంస్థ ఆమెను జీతము లేకుండ ఇంటికి పంపెను. ప్రయాణికుల యెదుట పడని వేరొక పని ఇత్తుమన్నను ఆమె అంగీకరింపలేదు. 2007 ఫిబ్రవరిలో సంస్థ తన నియమమునే మార్చుకొని ఆమెను మరల చేర్చుకొన్నది; పోయిన జీతము మాత్రము చెల్లింపలేదు. స్వదేశపు న్యాయస్థానములలో ఆమె ఓడిపోయెను. తుదకు 2013 జనవరి 15వ తేదీన ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పెను. ఇతర మతస్థుల తలపాగాలను, ముసుగులను అనుమతించిన సంస్థకు ఆ చిన్న సిలువవలన నష్టము కలిగినట్లు రుజువు లేదని న్యాయమూర్తులు తలచిరి.

ఆనాటి తీర్పులోనే షర్లీ చాప్లిన్ అను నర్సు ఓడిపోయెను. ఆమెయు మెడలో సిలువ ధరించునదే. రోగి దానిని పట్టి లాగవచ్చుననియు, అది వ్రేలాడి పుండునకు తగులవచ్చుననియు ఆసుపత్రివారు అభ్యంతరము చెప్పిరి. రోగుల క్షేమము ముఖ్యమని న్యాయస్థానము ఆసుపత్రివారిని సమర్థించెను. సిలువ ఒక్కటే, తీర్పులు మాత్రము రెండు. సంస్థ డాబుకంటె ఉద్యోగి విశ్వాసము బరువైనది. రోగి ప్రాణరక్ష అంతకంటె బరువైనది.

మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కు నిచ్చుచున్నది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యము దానికి హద్దులు. ప్రచారహక్కు అనగా ఇతరుని మతము మార్చు హక్కు కాదని 1977లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కచేరిలో ఈ భేదమును మరింత గుర్తుంచుకొనవలెను. తోటివాడు ప్రార్థనకు రమ్మన్నచో రానని చెప్పవచ్చును. సెలవు, బదిలీ, పదోన్నతి చేతిలో నున్న పైయధికారి రమ్మన్నచో క్రిందివానికి ఆ స్వేచ్ఛ యెక్కడిది? ఆ ఆహ్వానము ఆజ్ఞ వలె వినబడును.

కనుక బహిరంగ విశ్వాసమనగా ఇతరులపై ఒత్తిడి కాదు. అడిగినవారికి దాపరికము లేక చెప్పుట. అడుగనివారిని వారి దారిని పోనిచ్చుట. దొంగలెక్క వ్రాయుమని యజమాని కోరినపుడు, ‘నా విశ్వాసము దీనికి ఒప్పదు’ అని చెప్పి, దానివలన వచ్చు నష్టమును భరించుట. సిలువ మెడలో నున్నను లేకున్నను, ఆ మాట చెప్పగలిగిన దినమున అతడు క్రైస్తవుడని కచేరి యంతయు ఎరుగును.