కార్బొరేటర్ బండి పెట్రోల్ ఎక్కువ తాగుతోందా? స్క్రూ ముట్టుకునే ముందు ఇవి చూడండి

2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. కానీ మన రోడ్ల మీద కార్బొరేటర్ బండ్లు ఇంకా లక్షల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వినపడే కంప్లయింట్ ఒకటే: మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ నుంచి నల్ల పొగ, పచ్చి పెట్రోల్ వాసన. దీన్నే రిచ్‌గా నడవడం అంటాం.

రిచ్ అంటే ఏంటి? పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోల్‌కి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గినా, పెట్రోల్ పెరిగినా మిశ్రమం రిచ్ అవుతుంది. ఖర్చు ఒక్కటే కాదండి నష్టం. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, కిందకి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పల్చన చేస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే పెట్రోల్ వాసన వస్తోందంటే ముందు లోపం సరిచేసి, ఆ తర్వాత ఆయిల్ మార్చాల్సిందే.

ముందు ప్లగ్ విప్పి చూడండి. లేత ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే రిచ్. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోందేమో చూడాలి, అది వేరే సమస్య. ఒక్క మాట: ఇంట్లో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ప్లగ్ చూస్తే లెక్కలోకి రాదు. నాలుగైదు కిలోమీటర్లు మామూలు స్పీడ్‌లో తిప్పి, పక్కకి ఆపి, ఇంజిన్ చల్లారాక చూడాలి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు. రిచ్ అనగానే స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. ఆగండి. ఆ స్క్రూ ప్రభావం ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ కొంచెం తిప్పినప్పుడూ మాత్రమే. సగం తిప్పినప్పుడు నీడిల్, పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ పని చేస్తాయి. హైవే మీద పొగ వస్తుంటే ఐడిల్ స్క్రూ తిప్పి ఏం లాభం?

అందుకే ఈ వరసలో చూడండి. ఒకటి, చోక్. కేబుల్ బిగుసుకుపోయి లివర్ వెనక్కి వచ్చినా లోపల చోక్ సగం తెరిచే ఉండొచ్చు. రెండు, ఎయిర్ ఫిల్టర్. దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది. మూడు, ఫ్లోట్. దాని నీడిల్ దగ్గర చెత్త ఇరుక్కుంటే బౌల్‌లో పెట్రోల్ మట్టం పెరిగిపోతుంది. ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు పడుతుంటే ముందు అనుమానం దీని మీదే. నాలుగు, జెట్లు. జెట్ ఇత్తడిది, మెత్తన. దాన్ని ఎవరైనా తీగ పెట్టి పొడిచి శుభ్రం చేశారా? రంధ్రం పెద్దదై ఉంటుంది. అప్పుడు కంపెనీ నంబర్ జెట్ కొత్తది వేయడమే మార్గం.

ఇవన్నీ బాగుంటేనే స్క్రూ దగ్గరికి వెళ్లాలి. అది ఏ స్క్రూనో ముందు తెలుసుకోండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే మామూలుగా అది ఎయిర్ స్క్రూ, విప్పితే లీన్ అవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే మిక్స్చర్ స్క్రూ, విప్పితే రిచ్ అవుతుంది. రెండూ ఒకదానికొకటి రివర్స్! ఇక్కడే చాలా బండ్లు చెడుతున్నాయి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టాయో రాసుకోండి. గట్టిగా బిగిస్తే మొన విరుగుతుంది. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి, స్టార్ట్ చేసి, అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున మార్చండి. ప్రతిసారీ పది సెకన్లు ఆగి శబ్దం వినండి. ఇంజిన్ ఎక్కడ సాఫీగా, ఎక్కువ ఆర్‌పీఎంతో తిరుగుతుందో అక్కడ ఆపి, ఐడిల్ స్పీడ్‌ని వేరే స్క్రూతో తగ్గించుకోండి. గదిలో తలుపులు మూసి మాత్రం చేయకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్రాణానికే ప్రమాదం.

మైలేజీ కోసమని మరీ లీన్ చేయకండి. లీన్ అయితే ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది, ప్లగ్ తెల్లగా పాలిపోతుంది, చివరికి పిస్టన్ మీద పడుతుంది. పెట్రోల్‌లో మిగిలేది వందల్లో, ఇంజిన్ పనికయ్యేది వేలల్లో.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి, మళ్లీ నడిపి ప్లగ్ చూడండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో మీకే తెలియదు.