పట్టి వదిలే వేట

మన వైపు పుష్యమాసపు చలి అంటే తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాకపోవటమే. అమెరికా దేశపు ఉత్తర భాగంలో జనవరి నెల అట్లా ఉండదు. అక్కడ చెరువులు గడ్డకడతాయి. ఇళ్ళ ముందు మంచు మోకాలిలోతున పడి ఉంటుంది. కాని సరిగా ఆ రోజుల్లోనే, అదే దేశానికి దక్షిణపు కొసన, నెత్తిన టోపీ పెట్టుకుని, ఎండలో పడవ మీద నిలబడి సముద్రంలో గాలం వేసే వాళ్ళున్నారు. ఆ చోటు పేరు ఫ్లోరిడా కీస్.

ఇక్కడ ‘కీ’ అంటే తాళంచెవి కాదు. చిన్న దీవి అనే అర్థం గల ఒక స్పానిష్ మాట అట్లా మారింది. ఫ్లోరిడా కింది కొస నుంచి నైరుతి దిక్కుగా, తెగిన హారంలోని పూసల్లాగా ఈ దీవులు వంపు తిరిగి ఉంటాయి. 1912లో వీటి మీదుగా రైలుదారి పూర్తి అయింది. 1935లో వచ్చిన పెనుతుఫాను దాన్ని పాడుచేసింది. మిగిలిన వంతెనలను ఆధారం చేసుకుని 1938లో మోటారు రోడ్డు వేశారు. ఆ రోడ్డున పోతుంటే చాలా చోట్ల రెండు వైపులా సముద్రమే. చివరి ఊరు కీ వెస్ట్. అది కర్కటరేఖకు కొంచెం పైన, ఇంచుమించు మన ఉదయపూర్ అంత ఉత్తరాన ఉన్నది.

చలికాలంలో కూడా అక్కడి సముద్రం వెచ్చగా ఉండటానికి మరొక కారణం కూడా ఉన్నది. ఈ దీవులకూ క్యూబాకూ మధ్య సముద్రంలోనే ఒక పెద్ద నది పారుతున్నదనుకోండి. దానికి గట్లు లేవు. అదే గల్ఫ్ స్ట్రీమ్ అనే వేడి నీటి ప్రవాహం. దాని పక్కనే ఉండటం వల్ల జనవరిలో కూడా కీ వెస్ట్ దగ్గర నీటి వేడి మామూలుగా 21, 22 డిగ్రీలుంటుంది. ఉత్తరాన చలికి తాళలేని చిన్న చేపలు దక్షిణానికి వస్తాయి. వాటిని తినే పెద్ద చేపలు వాటి వెనకనే వస్తాయి. చలికి తాళలేని మనుషులూ వస్తారు!

అట్లా వచ్చిన వారికి ఆ సముద్రం కొత్త. ఎక్కడ లోతో, ఎక్కడ బురదో, ఏ వేళకు ఏ చేప ఎక్కడికి వస్తుందో వారికి తెలియదు. అందుకని ఒక గైడును కుదుర్చుకుంటారు. పడవ గైడుదే, గాలాలూ ఎరలూ గైడువే. గైడు కావటం తేలిక కాదు. డబ్బు పుచ్చుకుని జనాన్ని పడవలో తీసుకుపోవాలంటే ప్రభుత్వపు లైసెన్సు ఉండాలి. ఆరుగురిని మించకుండా ఎక్కించుకునే చిన్న లైసెన్సుకు కూడా, అంతకు ముందు 360 రోజులు పడవల మీద పనిచేసినట్టు రుజువు చూపించాలి.

ఇది మగవాళ్ళ పని మాత్రమే అనుకోకండి. ఆ దీవుల్లో ఇస్లమొరాడా అనే ఊరున్నది. పూర్వం అక్కడ పేరు పొందిన గైడుల్లో బానీ స్మిత్, ఫ్రాంకీ ఆల్‌బ్రైట్, బ్యూలా కాస్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు. ఫ్రాంకీ భర్త జిమ్మీ ఆల్‌బ్రైట్ కూడా గైడే. లావు దారాన్ని సన్న దారంతో కలిపే ముడి ఒకదాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఒక చలికాలపు రోజున మీరు మీ నాన్నగారితో అక్కడికి వెళ్ళారనుకోండి. వేటగాళ్ళు చీకటితోనే బయలుదేరతారని మీరు విని ఉంటారు. కాని గైడు, “తొందర లేదు. పది గంటలకు రండి,” అంటాడు. ఎందుకో తెలుసా?

ఇది ఇంట్లోనే పరీక్ష చేసి చూడవచ్చు. ఒక పళ్ళెంలో కాసిని నీళ్ళు పోయండి. ఒక చెంబు నిండా నీళ్ళు పోయండి. రెంటినీ రాత్రి ఆరుబయట పెట్టండి. తెల్లవారేసరికి పళ్ళెంలోని నీరు చెంబులో నీటికన్న చల్లగా ఉంటుంది. ఎండ ఎక్కిన తరువాత చూస్తే, ముందుగా వేడెక్కేది కూడా పళ్ళెంలోని నీరే. దీవుల మధ్య మైళ్ళ కొద్దీ మోకాలిలోతు నీరు పరుచుకుని ఉంటుంది. అదీ ఒక పెద్ద పళ్ళెమే. రాత్రి అది చల్లబడగానే చేపలు పక్కనున్న లోతు కాలవల్లోకి దిగుతాయి. ఎండకు అది వేడెక్కినాక, పోటు నీటితో పాటు మేతకు మళ్ళీ పైకి వస్తాయి. గైడు ఎదురుచూసేది ఆ గడియ కోసమే.

పడవ సన్నగా, అడుగు చదునుగా ఉంటుంది. అడుగు లోతు నీరున్నా తేలుతుంది. మేత చోటు దగ్గరకు రాగానే గైడు మోటారు ఆపి, పడవ వెనక భాగాన ఉన్న ఎత్తైన బల్ల ఎక్కుతాడు. పద్దెనిమిది, ఇరవై అడుగుల గెడ తీసుకుని, మన గోదావరి పాయల్లో పడవవాళ్ళు నెట్టినట్టే నెమ్మదిగా నెడతాడు. మోటారు చప్పుడుకు చేపలు బెదురుతాయి. పైగా మోటారు రెక్కలు నీటి అడుగున ఉన్న సముద్రపు గడ్డిని వేళ్ళతో సహా కోసేస్తాయి. ఆ గాయం మానటానికి ఏళ్ళు పడుతుంది. రొయ్యలకూ, పీతలకూ, చేపపిల్లలకూ ఆ గడ్డే ఇల్లు.

మీరు వెతుకుతున్నది బోన్‌ఫిష్ అనే చేప. రెండు మూడు కిలోలుంటుంది. ఒంటినిండా సన్నని ముళ్ళు గనక దానికా పేరు వచ్చింది. పొలుసులు అద్దాల్లాంటివి. ఇసుక మీద ఉంటే ఇసుక రంగులోనూ, గడ్డి మీద ఉంటే గడ్డి రంగులోనూ కలిసిపోతుంది. అందుకని గైడు చేప కోసం వెతకడు, చేప నీడ కోసం వెతుకుతాడు. ఒంటిని దాచే అద్దం నీడను దాచలేదు గదా! ఒక్కొక్కప్పుడు బోన్‌ఫిష్ తల కిందికి పెట్టి బురదలో పీతలను తవ్వుకుంటుంది. అప్పుడు దాని తోక నీటిపైన వెండి ఆకులాగా మెరుస్తుంది.

“పదకొండు గంటలు! అరవై అడుగులు!” అంటాడు గైడు మెల్లిగా.

మీరు గడియారం చూసుకోనవసరం లేదు. పడవ ముక్కు ఉన్న దిక్కు పన్నెండు గంటలు. కుడిచేతి వైపు మూడు, ఎడమచేతి వైపు తొమ్మిది. పదకొండు గంటలంటే ముక్కుకు కొంచెం ఎడమగా అన్నమాట. ఎర చేప మీద పడితే అది పారిపోతుంది. మరీ దూరాన పడితే చూడదు. అది నడిచే దారిలో, దానికి కొంచెం ముందుగా పడాలి. చాలాసార్లు ఇక్కడే వేట ముగుస్తుంది. నీటి మీద ఒక గీత మెరిసి, చేప మాయమవుతుంది.

సరిగా పడిందే అనుకోండి. చేప ఎర అందుకుని, గాలం తగిలిన మరుక్షణం పరుగు తీస్తుంది. రీలు కీచుమంటుంది. చూస్తుండగా వంద గజాల దారం పోతుంది. మీరు చుట్టుకోవాలి, అది లాగితే వదలాలి, మళ్ళీ చుట్టుకోవాలి. చివరకు అలిసిపోయి పడవ పక్కకు వస్తుంది.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. దూరాన ఒక సొరచేప కనిపించినా గైడు ఆ చోట గాలం వెయ్యనివ్వడు. అలిసిన చేప దానికి సులభంగా దొరికిపోతుంది. గాలం కొసనుండే ఎదురుముల్లును పొద్దున్నే పటకారుతో నొక్కేసి ఉంటాడు గనక, గాలం తేలికగా ఊడివస్తుంది. చేపను తాకే ముందు చెయ్యి తడుపుకోమంటాడు. చేప ఒంటి మీది జిగురు దాని కవచం. పొడి చెయ్యి తగిలితే ఆ జిగురు పోయి రోగం పట్టుకుంటుంది. ఫోటో కావాలంటే చేపను నీటిలోనే ఉంచి తీసుకోవాలి. తరవాత పొట్ట కింద చెయ్యి పెట్టి, అది తనంతట తాను కదిలి వెళ్ళేదాకా నిలబెట్టి ఉంచుతాడు. తోక ఒక్కసారి కొట్టుకుంటుంది. చెయ్యి ఖాళీ!

ఫ్లోరిడాలో 2013 నుంచి బోన్‌ఫిష్‌ను పట్టినవారు వదిలిపెట్టి తీరాలని చట్టం ఉన్నది.

గాలి మారితే గైడు ఆలోచనా మారుతుంది. ఉత్తరపు చలిగాలి వీచినప్పుడు లోతులేని నీటిలో చేపలుండవు. అప్పుడు పెద్ద పడవల గైడులు గల్ఫ్ స్ట్రీమ్ అంచుకు పోతారు. ప్రవాహానికి ఎదురుగా గాలి వీస్తే అలలు నిటారుగా లేస్తాయి. అక్కడ చలికాలంలో సెయిల్‌ఫిష్ తిరుగుతుంది. ముందు ఈటెలాంటి ముక్కూ, వీపు మీద తెరచాపలాంటి రెక్కా ఉంటాయి. మన విశాఖ తీరపు జాలరులు కొమ్ముకోనెం అనే చేపకు ఇది చుట్టమే. ఆకాశంలో పొడుగు రెక్కల సముద్రపు పక్షులు ఒకేచోట తిరుగుతుంటే, కింద చేపలున్నాయని గైడుకు గుర్తు. ఈ చేపను ఎక్కువగా గుండ్రని గాలాలతో పడతారు. ఆ గాలం కొస లోపలికి వంగి ఉంటుంది. అందువల్ల అది చేప పొట్టలో గుచ్చుకోకుండా, మూతి పక్కన తగులుతుంది. వదలదలచిన సెయిల్‌ఫిష్‌ను నీటిలో నుంచి పైకి ఎత్తకూడదని నియమం.

“వదిలేదానికి పట్టటమెందుకు?” అని మీ అమ్మగారు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. పట్టి వదిలినా చేపకు బాధ తప్పదు. వదిలినవన్నీ బతుకుతాయని కూడా చెప్పలేము. ఆకలి తీర్చుకోవటానికి పట్టే జాలరి సంగతి వేరు, ఇది వేడుక. అందుకే మంచి గైడులు ఆ వేడుకకు హద్దులు పెట్టుకున్నారు. చేప మిగలకపోతే తమ బతుకూ మిగలదని వారికి అనుభవం మీద తెలిసింది.

2010 జనవరిలో ఆ వెచ్చని చోటికి కూడా చలి వచ్చింది. రోజుల తరబడి ఉత్తరపు గాలి వీచింది. దీవులకూ ఫ్లోరిడాకూ మధ్య ఉన్న లోతులేని అఖాతంలో నీటి వేడి 10 డిగ్రీల కిందికి దిగింది. ఆ పెద్ద పళ్ళెం చల్లబడిపోయింది. లోతుకు చేరుకోలేని స్నూక్, టార్పన్, బోన్‌ఫిష్ చేపలు చచ్చి తేలాయి. ఫ్లోరిడా తీరం అంతటా కలిపి నాలుగున్నర వేలకు పైగా తాబేళ్ళు చలికి కొయ్యబారి దొరికాయి. జనం వాటిని ఎత్తి తెచ్చి, వెచ్చని చోట ఉంచి, చాలావాటిని మళ్ళీ సముద్రంలో వదిలారు. స్నూక్ చేపలను పట్టి ఉంచుకోవటాన్ని ప్రభుత్వం ఆపింది. పడమటి తీరాన ఆ నిషేధం 2013 దాకా సాగింది.

చలి ఒక్కటే శత్రువు కాదు. అంతకు ముందు నుంచే ఆ నీళ్ళలో బోన్‌ఫిష్ తగ్గిపోతూ వచ్చింది. కారణాలు వెతకబోయిన శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు వచ్చింది: పూర్వం ఎన్ని చేపలుండేవి? దుకాణాల్లో అమ్మని చేపకు లెక్కలెక్కడివి? అప్పుడు వారు ముసలి గైడుల దగ్గరకు వెళ్ళి, ఏ ఏట ఎన్ని కనిపించేవో అడిగి రాసుకున్నారు. పక్కనే ఉన్న ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనంలో వేటకు పోయే గైడులు, ఆ రోజు పట్టినవీ వదిలినవీ రాసి ఇచ్చిన చిట్టాలు కూడా పనికి వచ్చాయి.

బోన్‌ఫిష్ గుడ్లు పెట్టే విధమూ ఈ మధ్యనే తెలిసింది. అదీ చలికాలపు నెలల్లోనే. అమావాస్య, పున్నమి రోజుల్లో అవి గుంపు కూడి, నీటిపైకి వచ్చి గాలి మింగి, రాత్రి వేళ లోతు సముద్రంలో వందల అడుగుల కిందికి దిగుతాయి. పిల్లలు గాజు నాడాల్లాగా ఉంటాయి. ఒడ్డు చేరేముందు సుమారు రెండు నెలలు ప్రవాహంలో కొట్టుకుపోతాయి. కీస్‌లో మీ గాలానికి తగిలిన చేప క్యూబా వైపున పుట్టినదైనా కావచ్చు.

సాయంత్రం పడవ రేవుకు చేరుతుంది. బుట్టలో ఒక్క చేప కూడా లేదు. గైడు పడవ కడిగి, పుస్తకం తెరిచి, ఆనాటి నీటి వేడీ, పోటు వచ్చిన వేళా, చేపలు కనిపించిన చోటూ రాసుకుంటాడు.

మీ ఊళ్ళో చెరువో, కాలవో ఉన్నదా? వర్షాకాలంలో నీరు ఎంత వచ్చిందో, ఏ పక్షులు ఏ నెలలో వాలినాయో, ఏ చేపలు కనిపించాయో మీరు కూడా ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. పదేళ్ళ తరవాత ఎవరైనా వచ్చి, “పూర్వం ఇక్కడ ఎట్లా ఉండేది?” అని అడిగితే, మీరు జవాబు చెప్పగలుగుతారు.