ఆడపాము జతకు సిద్ధమేనా? వయసు ఒక్కటే చూస్తే సరిపోదు

అబిడ్స్, నాంపల్లి అపార్ట్‌మెంట్లలో పిల్లి, చిలక, అక్వేరియం చేపలు మామూలే. ఇప్పుడు కుర్రాళ్ల చూపు బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాముల మీద పడుతోంది. ఆడ, మగ ఒక్కో పాము తెచ్చుకుంటే గుడ్లు వస్తాయి, పిల్లల్ని అమ్ముకోవచ్చు అని కొందరి లెక్క. ఆ లెక్కలో ఒకటి మర్చిపోతారు. తొందరపడి జత కలిపితే తల్లిపాము ప్రాణమే పోవచ్చు.

ముందు కాగితాలు

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము వంటి మన పాముల్ని ఇంట్లో పెంచితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సరదాకి పెంచాం అంటే కుదరదు. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. అందుకని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో దాన్ని రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, పాము చనిపోయినా, వేరేవాళ్లకు ఇచ్చినా ఆ వివరం కూడా తెలపాలి. కాగితాలు లేని పాముతో పిల్లల్ని పెట్టిస్తే ఆ పిల్లలకూ కాగితాలు ఉండవు. సందేహం ఉంటే అటవీ శాఖ ప్రధాన కార్యాలయం అరణ్య భవన్ సైఫాబాద్‌లోనే ఉంది, నాంపల్లికి దగ్గర.

బరువెంత ఉండాలి?

బాల్ పైథాన్ ఆడదైతే సుమారు మూడేళ్ల వయసు, కనీసం 1500 గ్రాముల బరువు ఉండాలని అనుభవం ఉన్న పెంపకందారులు చెబుతారు. కార్న్ స్నేక్‌కి మూడు మూళ్ల లెక్క ఉంది: 3 ఏళ్లు, 3 అడుగులు, 300 గ్రాములు. మగపాము అంతకంటే చాలా ముందే సిద్ధమవుతుంది. అందుకే రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచకూడదు.

ఇంత బరువు ఎందుకంటే, గుడ్లన్నీ తల్లి ఒంట్లోని కొవ్వు, కాల్షియం నుంచే తయారవుతాయి. ఆ సమయంలో చాలా పాములు వారాల తరబడి తిండి ముట్టవు. చిన్న పాము, బలహీనమైన పాము అయితే గుడ్డు లోపలే ఇరుక్కుపోవచ్చు. అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. అలాగని త్వరగా బరువు పెరగాలని ఎలుకల మీద ఎలుకలు మేపడం కూడా తప్పే. కొవ్వు పట్టిన పాము ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు.

ఏం గమనించాలి?

కొన్ని నెలలుగా క్రమంగా తింటోందా? కుబుసం ఒకే ముక్కగా విడుస్తోందా? వెన్నెముక పైకి పొడుచుకొచ్చిందా? నోట్లో జిగురు, ఊపిరిలో శబ్దం, పొలుసుల మధ్య పేలు ఉన్నాయా? ఒక్క దాంట్లో తేడా ఉన్నా ఈ ఏడాది వద్దు. నెలకోసారి తూకం వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ తూకం యంత్రాన్ని మాత్రం వంటింట్లో వాడొద్దు.

పైకి బాగున్నట్టు కనిపించినా లోపల గుడ్లు ఎదుగుతున్నాయో లేదో స్కానింగ్‌లోనే తెలుస్తుంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువుల ఆస్పత్రి ఉంది. అక్కడికైనా, ప్రైవేటు డాక్టర్ దగ్గరికైనా పామును తీసుకెళ్లే ముందు, పాముల్ని చూస్తారా అని ఫోన్ చేసి అడగాలి.

గుడ్లు పెట్టాక

బాల్ పైథాన్ గుడ్లు 31, 32 డిగ్రీల దగ్గర సుమారు 55 నుంచి 60 రోజులు పొదగాలి. హైదరాబాద్ మే నెల ఎండ 40 డిగ్రీలు దాటితే మూసిన గదిలో గుడ్లు పాడైపోతాయి. థర్మోస్టాట్ ఉన్న ఇంక్యుబేటర్, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాలి. ఈ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. తల్లి మళ్లీ పాత బరువుకు రాకపోతే మరుసటి ఏడాది విశ్రాంతి ఇవ్వాల్సిందే.

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఇంకో జాగ్రత్త. పాముల ద్వారా సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పాము పెట్టెను, దాని నీళ్ల గిన్నెను కిచెన్ సింక్‌లో కడగొద్దు.

బాల్ పైథాన్ బాగా చూసుకుంటే 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఒక సీజన్ ఆగితే పోయేదేం లేదు. తూకం, డాక్టర్ మాట, కాగితాలు మూడూ సరిగ్గా ఉన్నప్పుడే జత గురించి ఆలోచించాలి.