కళ్లెదుట దాడి జరుగుతుంటే విశ్వాసి ఏం చేయాలి?



2018 సెప్టెంబరు 19న, మన రహమత్ నగర్‌కు దగ్గర్లోనే ఉన్న ఎర్రగడ్డలో, ఒక తండ్రి నడిరోడ్డుమీద కూతురిపై, అల్లుడిపై కత్తితో దాడి చేశాడు. వాళ్లది కులాంతర వివాహం. ఆపబోయిన వ్యక్తి మీదకు కూడా కత్తి తిరగడం సీసీటీవీ దృశ్యాల్లో చూశాం. ఆ దంపతులు బ్రతికి బయటపడ్డారు. 2022 మే 4 రాత్రి సరూర్‌నగర్‌లో మతాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి మాత్రం భార్య కళ్లెదుటే చంపేశారు. ఎంత వేడుకున్నా ఎవరూ రాలేదని, కొందరు ఫోన్లలో వీడియో తీశారని ఆమె తర్వాత చెప్పింది.

ఆ గుంపులో మనం ఉంటే ఏం చేసేవాళ్లం?

ఈ ప్రశ్న వినగానే మంచి సమరయుడు గుర్తొస్తాడు. కానీ లూకా 10వ అధ్యాయంలో అతను వచ్చేసరికే దొంగలు వెళ్లిపోయారు. దొంగలు ఇంకా కొడుతుండగా ఏం చేయాలో ఆ ఉపమానం చెప్పదు. అందుకు వేరే లేఖనాలు చూడాలి.

మనకు సంబంధం లేని జగడంలో తలదూర్చడం కుక్క చెవులు పట్టుకున్నట్టేనని సామెతలు 26:17 హెచ్చరిస్తుంది. చావుకు ఈడ్వబడుతున్నవారిని విడిపించమని 24:11 ఆజ్ఞాపిస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదు. ఇద్దరు సమానులు వాదించుకుంటే అది జగడం. ఒకరు కొడుతుంటే, మరొకరు తప్పించుకోలేకపోతే అది దాడి. పక్కింట్లో భార్యను కొడుతున్న చప్పుడు విని “అది వాళ్లింటి గొడవ” అన్నప్పుడు, మనం దాడికి జగడమని పేరు పెడుతున్నాం.

అలాగని అందరూ కత్తికి ఎదురెళ్లాలని మేము చెప్పడం లేదు. అపొస్తలుల కార్యములు 23లో పౌలును చంపడానికి 40 మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. పౌలు మేనల్లుడు వాళ్లతో పోరాడలేదు. విన్న సంగతిని పౌలుకు, తర్వాత సహస్రాధిపతికి చెప్పాడు. పౌలు ప్రాణం దక్కింది.

మనమూ 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయవచ్చు. గట్టిగా కేకవేసి నలుగురిని పోగుచేయవచ్చు. ఒంటరిగా భయపడేవాళ్లం నలుగురం కలిసి ముందుకు వెళ్లగలం. వీడియో తీస్తే పోలీసులకు ఇవ్వాలి, వాట్సాప్ గ్రూపులకు కాదు. తర్వాత సాక్ష్యం చెప్పడానికి వెనుకాడకూడదు.

చట్టం కూడా మన పక్షాన ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం, మన శరీరాన్నే కాదు, ఇతరుల శరీరాన్నీ దాడి నుంచి కాపాడే హక్కు మనకుంది. అయితే కాపాడటానికి అవసరమైనంత వరకే. మోషే హెబ్రీయుణ్ణి కాపాడబోయి ఐగుప్తీయుణ్ణి చంపి పారిపోవలసి వచ్చింది. తర్వాత మిద్యానులో బావి దగ్గర కాపరులు తరిమేసిన ఆడపిల్లల పక్షాన నిలిచి, వాళ్ల మందకు నీళ్లు పెట్టాడు. అక్కడ రక్తం చిందలేదు.

యాజకుడు, లేవీయుడు ఆ మనిషిని కొట్టలేదు. చూసి ప్రక్కగా వెళ్లిపోయారు, అంతే. ఆదివారం ఆరాధన ముగించుకుని మన వీధుల్లోకి నడిచే మనలను ప్రభువు అలా ప్రక్కగా పోనివ్వకుండును గాక. ఆమేన్.