తెర నల్లబడితే కంప్యూటర్ పోయినట్టేనా?

రేపు పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్ పరీక్ష అనుకోండి. పైథాన్‌లో రాసిన ప్రాజెక్టు ఇంట్లోని కంప్యూటర్‌లోనే ఉంది. రాత్రి ‘కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, అప్‌గ్రేడ్ చేయాలా?’ అని తెరపై కనబడితే ఆలోచించకుండా ‘సరే’ నొక్కారు. గంట తర్వాత కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. కంపెనీ గుర్తు వచ్చి పోయింది. ఆ తర్వాత అంతా నలుపు. ఎడమ మూలన మిణుకుమిణుకుమనే చిన్న గీత ఒక్కటే మిగిలింది.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు “ఫార్మాట్ కొట్టించేద్దాం” అంటారు. ఆ మాట వింటే ప్రాజెక్టుతో పాటు ఇంట్లోవాళ్ల ఫొటోలు కూడా పోవచ్చు. ఫ్యాన్ తిరగకపోతే ఇల్లు కూల్చి కట్టుకోం కదా! ముందు కరెంటు ఉందా, ఫ్యూజు పోయిందా, స్విచ్చు బాగుందా అని వరుసగా చూస్తాం. కంప్యూటర్‌నీ అలాగే చూడాలి. ఉబుంటు వంటి లైనక్స్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకుని ఆ వరుస ఏమిటో తెలుసుకుందాం.

తెర వెనుక అంతస్తులు

మనకు కనిపించే డెస్క్‌టాప్ ఒకే వస్తువు కాదు. అది ఒక మేడలో పై అంతస్తు లాంటిది. అన్నిటికంటే కింద కెర్నల్ ఉంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లైనక్స్ అంటే అసలు ఈ కెర్నలే. దాని మీద గ్రాఫిక్స్ కార్డును నడిపించే డ్రైవర్. ఆపైన తెర మీద కిటికీలను గీసే డిస్‌ప్లే సర్వర్. 1984లో ఎం.ఐ.టి.లో మొదలైన ‘ఎక్స్’ ఈ పనిని చాలాకాలం చేసింది. 2008లో ప్రారంభమైన ‘వేలాండ్’ ఇప్పుడు దాని స్థానంలోకి వస్తోంది. ఆపైన పాస్‌వర్డ్ అడిగే లాగిన్ తెర. చివరగా ఐకాన్లు, మెనూలు ఉండే డెస్క్‌టాప్.

పై అంతస్తులో దీపం వెలగనంత మాత్రాన పునాది కదిలిందని కాదు. మన ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. వాటికీ, తెర మీది బొమ్మకూ సంబంధం లేదు.

అప్‌గ్రేడ్ తర్వాతే ఎందుకు?

ముఖ్య కారణాలు మూడు. మొదటిది, అప్‌గ్రేడ్‌తో కెర్నల్ మారుతుంది. కొన్ని గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లను ఒక్కో కెర్నల్ వెర్షన్‌కు విడిగా తయారు చేయాలి. సాధారణంగా ఇది దానంతట అదే జరిగిపోతుంది. ఎక్కడైనా ఆగిపోతే కొత్త కెర్నల్‌కు సరిపడే డ్రైవర్ ఉండదు, తెర వెలగదు. రెండోది, మధ్యలో కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు సగంలోనే ఆగిపోతాయి. మూడోది, డిస్క్ నిండిపోవడం. తాత్కాలిక ఫైళ్లు రాసుకోవడానికి చోటు లేకపోతే డెస్క్‌టాప్ తెరుచుకోదు.

మొదట ఏ అంతస్తో తేల్చుకోవాలి

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా నొక్కాలి. అక్షరాలతో లాగిన్ అడిగితే సంతోషించండి: కెర్నల్ బాగానే ఉంది, లోపం పై అంతస్తుల్లోనే ఉంది. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనబడవు, కంగారు పడకండి.

లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ ఇచ్చాక మళ్లీ లాగిన్ తెరకే వస్తుంటే డ్రైవర్ కంటే ముందు డిస్క్‌ను అనుమానించాలి. ‘డీఎఫ్ -హెచ్’ అనే ఆదేశం ఎంత చోటు మిగిలిందో చూపిస్తుంది. (ఇక్కడి ఆదేశాలను పలికే తీరులో రాశాం. కంప్యూటర్‌లో ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయాలి.) ఏ వరుసలోనైనా నూరు శాతం కనబడితే దొంగ దొరికినట్టే. అనవసరమైన పెద్ద ఫైళ్లను తీసేస్తే తెర తిరిగి రావచ్చు.

మరమ్మతుకు ముందు ఫైళ్లు

ఏ మరమ్మతు మొదలుపెట్టినా ముందు ప్రాజెక్టును భద్రం చేసుకోవాలి. సులువైన దారి లైవ్ పెన్‌డ్రైవ్. స్నేహితుడి కంప్యూటర్‌లో ఉబుంటును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో మన కంప్యూటర్‌ను మొదలుపెట్టాలి. ‘ఇన్‌స్టాల్’ కాకుండా ‘ట్రై’ ఎంచుకుంటే డిస్క్‌లో ఏదీ చెరగదు. మన ఫైళ్లను తెరిచి వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. అంతటితో రేపటి పరీక్ష గండం గడిచినట్టే.

ఇప్పుడు మరమ్మతు

ఒకటి: కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కితే ‘గ్రబ్’ మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నల్ సాధారణంగా అలాగే ఉంటుంది. దానితో డెస్క్‌టాప్ వచ్చిందంటే లోపం కొత్త కెర్నల్‌కు, డ్రైవర్‌కు మధ్య ఉందని దాదాపు తేలిపోయినట్టే.

రెండు: పాతదానితోనూ రాకపోతే, గ్రబ్‌లో ‘ఇ’ నొక్కి, ‘లైనక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర కాస్త మొరటుగానైనా రావచ్చు. ఈ మార్పు ఆ ఒక్కసారికే, శాశ్వతం కాదు.

మూడు: అక్షరాల తెరలో ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’ ఇస్తే సగంలో ఆగిన ప్యాకేజీల పని పూర్తవుతుంది. తర్వాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ ఇస్తే తప్పిపోయినవి వచ్చి చేరతాయి. చివరగా ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ మన కార్డుకు తగిన డ్రైవర్‌ను ఎక్కిస్తుంది. వీటికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ల్యాన్ తీగ ఉంటే మేలు.

ఒక్కో ప్రయత్నం తర్వాత కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టి ఫలితం చూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. రసాయనశాస్త్రం ల్యాబులో పాటించే నియమమే ఇది. కారణం ఇంకా దొరకకపోతే ‘జర్నల్‌సీటీఎల్ -బి -పి ఎర్ర్’ ఇవ్వండి. ఈసారి మొదలైనప్పటి నుంచి వచ్చిన లోపాలను కంప్యూటరే వరుసగా చెబుతుంది. ఆ సందేశాలను కాగితం మీద రాసుకుంటే, సాయం చేసేవారికీ పని సులువవుతుంది.

తొందర ఎందుకు?

ఉబుంటులో ఎల్.టి.ఎస్. అనే దీర్ఘకాలిక వెర్షన్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. ఒక్కో దానికి ఐదేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి. అంటే కొత్తది రాగానే ఆ రాత్రికి రాత్రే మారిపోవాల్సిన పని లేదు. పరీక్షలు అయ్యాక, ఫైళ్లను మరోచోట కాపీ చేసుకున్నాక, కరెంటు పోయే భయం లేని వేళ చూసుకుని అప్‌గ్రేడ్ చేయండి.

అంతా చేశాక నిజంగా ఫార్మాటే చేయాల్సి వస్తే రావచ్చు. అప్పటికి మన ప్రాజెక్టు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి కాబట్టి పోయేదేమీ ఉండదు.