తాటికల్లు – ఈతకల్లు

కల్లు త్రాగుడని గాని, మానుడని గాని చెప్పుటకు నేనీనాడు రాలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో బడిపంతులుగా నున్న కాలమున నొక ఈడిగవారి పిల్లవాడు నన్నిట్లడిగెను: “అయ్యవారూ, తాటికల్లుకూ ఈతకల్లుకూ భేదమేమి?” ఆనాడు సరిగా చెప్పలేకపోతిని. పిదప విచారించి తెలిసికొన్నది నేడు మనవి చేయుచున్నాను.

ముంతలో పోసిన పిమ్మట రెండును తెల్లనివే, నురుగు గలవే. ఈతకల్లు తీపు, తాటికల్లు ఘాటు అని లోకులందురు. అది సగము మాటయే. చెట్టునుండి కారునపుడు రెండును తీపినీరే. గాలిలోను, లొట్టి యడుగునను ఉండు సూక్ష్మజీవులు ఆ తీపిని మద్యసారముగా మార్చును. ప్రొద్దున తియ్యనిది మధ్యాహ్నమునకు ఘాటెక్కును, మఱునాటికి పులిసిపోవును. లొట్టిలోపల సున్నము పూసినచో పులియుట యాగును. అట్టి నీటిని కాచియే బెల్లము చేయుదురు. కావున నాలుక చెప్పునది గడియల లెక్కయే గాని చెట్టు పేరు గాదు.

ఇంగ్లండున పోర్టరు, స్టౌటు అను రెండు నల్లబీరులు కలవు. తొలుత గట్టి పోర్టరునకే స్టౌటు పోర్టరని పేరు. అచ్చటి భేదము పాకములోనిది. మన భేదము గీతలోనిది.

తాటికి గీయునది గెలను. పోతుతాటి పూగెలనైనను, పెంటితాటి లేతగెలనైనను దినదినము కొనను పలుచగా చెక్కుదురు. గెల పోయినను మ్రానునకు గాయము లేదు. ఈతకట్లు గాదు. చలికాలమున మొవ్వుక్రింద నొక ప్రక్క మట్టలు నఱికి, మ్రానునే చెక్కి, ఆ గాటునుండి నీరు దింపుదురు. ఈతమ్రానుపై కనబడు మెట్లవంటి నొక్కులు ఏటేటి గాట్ల గుర్తులే.

అమరసింహుడు ఈ రెండింటిని తృణద్రుమములలో, అనగా గడ్డిజాతి చెట్లలో, చేర్చెను. వేపకొమ్మ నఱికిన వేఱొకటి చిగుర్చును. వీనికి ఉన్నది ఒక్క మొవ్వే. మ్రానున పడిన గాటు మరల పూడదు.

ఒకనాడు వంకయొడ్డున నొక యీత తల వాల్చి యెండియుండుట చూచి, ఆ పిల్లవాని తండ్రిని కారణమడిగితిని. “కత్తి లోతుకు దిగింది అయ్యవారూ. ఒక ఏడు విడిచిపెట్టి ఉంటే బ్రతికేది” అని యాతడు తల వంచుకొనెను.

నాయనా, నీ ప్రశ్నకు ఇదియే నా యుత్తరము. తాటికల్లు చెట్టు పూతలో వాటా. ఈతకల్లు చెట్టు దేహములో వాటా. దేహమునుండి తీసికొనువాడు మితమెఱుగవలయును. చెట్టు నిలిచిననే గీత నిలుచును.